ముప్పై మసకలు, ఏడు అమావాస్యలు: 8 అంగుళాల డాబ్సోనియన్ డైరీ

అనంతపురానికి దక్షిణం చివర మా మిద్దె మీద నుంచీ, కళ్యాణదుర్గం రోడ్డులో 40 కిలోమీటర్ల అవతల మా మామ చేనులో నుంచీ 8 అంగుళాల డాబ్సోనియన్‌తో (పీఠం మీద పెట్టి చేత్తో తిప్పే అద్దాల టెలిస్కోప్) చేసిన పని ఇది. 30 గెలాక్సీలు (కోట్ల నక్షత్రాల గుంపులు), నెబ్యులాలు (వాయువు, ధూళి మేఘాలు) జాబితాగా రాసుకుని ఒక్కొక్కటే వెతికాను. టెలిస్కోప్‌లో అలాగే కనిపిస్తాయి కాబట్టి వాటిని మసకలు అంటున్నాను. నక్షత్ర గుచ్ఛాలు సులువు కాబట్టి వాటిని జాబితాలో పెట్టలేదు. ఇంకెవరైనా ఇదే పని మొదలుపెడితే నేను పోగొట్టుకున్న రాత్రులు వాళ్లు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

డైరీలో ప్రతి ప్రయత్నానికీ మూడు గుర్తుల్లో ఒకటి ఉంటుంది.

క: కనిపించింది.
మ: చోటు సరైనదేనని చుట్టూ ఉన్న నక్షత్రాలతో పోల్చి తేల్చుకున్నాను, మసక మాత్రం కనిపించలేదు.
దొ: చోటే దొరకలేదు.

మొదటి మూడు రాత్రులు ఈ గుర్తులు లేవు, అన్నిటికీ "కనిపించలేదు" అని ఒకే మాట రాశాను. ఆ మూడు రాత్రుల రాతలూ ఇప్పుడు దేనికీ పనికిరావు, ఎందుకంటే టెలిస్కోప్ ఎక్కడ చూస్తోందో తెలియకుండా రాసిన "కనిపించలేదు"కి అర్థం లేదు.

రాత్రుల ఎంపికకి పంచాంగం చాలు. బహుళ నవమి దాటాక చంద్రుడు వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది, సాయంత్రం అంతా మనదే. అమావాస్య తర్వాత శుద్ధ తదియ, చవితి దాకా చంద్రుడు తొందరగా అస్తమిస్తాడు, తొమ్మిదిన్నర పది నుంచి చీకటి దొరుకుతుంది. అంటే నెలకి పది పన్నెండు రాత్రులు. అందులో మబ్బులు, ఉద్యోగం, ఇంటి పనులు పోగా నాకు మిగిలింది సగటున మూడు.

సామాను

టెలిస్కోప్ 203 మి.మీ. అద్దం, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం), అంటే దాదాపు ఎఫ్/6, ఆ దూరం అద్దం వెడల్పుకి ఆరింతలు. సెకండ్ హ్యాండ్‌లో 34,000 రూపాయలు. దాంతోపాటు 25 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు, ఇది 48 రెట్లు పెద్దగా చూపిస్తుంది), 10 మి.మీ. ఐపీస్ (120 రెట్లు), నేరుగా కన్ను పెట్టి చూసే ఫైండర్ (గురి పెట్టడానికి ట్యూబు మీద ఉండే చిన్న టెలిస్కోప్) వచ్చాయి. మోటారు లేదు, కంప్యూటర్ లేదు, చేత్తో తోయడమే.

దశ 1: ఆశ్వయుజ అమావాస్య (మిద్దె, 3 రాత్రులు)

దీపావళి ముందు రోజు, దీపావళి, ఆ మర్నాడు. పది దాటితే పొగ సర్దుకుంటుందని అనుకున్నాను, సర్దుకోలేదు. మూడో రాత్రి కూడా ఊరి మీద గోధుమరంగు పొర అలాగే ఉంది. ఆకాశం ఎంత చీకటిగా ఉందో కొలవడానికి నేను వాడేది పెగాసస్ చతురస్రం: పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు నాలుగు మూలలుగా ఉండే పెద్ద గడి. ఆ గడి లోపల మామూలు కంటికి ఎన్ని చుక్కలు కనిపిస్తే ఆకాశం అంత మంచిదని లెక్క. దీపావళి రాత్రి ఒకటి. మూడో రాత్రి రెండు.

ప్రయత్నించినవి ఆరు గెలాక్సీలు (ఎం, ఎన్‌జీసీ అనేవి ఇలాంటి వస్తువుల పట్టికల పేర్లు, అంకె ఆ పట్టికలో సంఖ్య): ఎం31, దాని పక్కన ఉండే ఎం32, ఎం110, తర్వాత ఎం33, ఎం74, ఎన్‌జీసీ 253. ఎం31 నూనె మరకలాగా, ఎం32 కొంచెం ఉబ్బిన నక్షత్రంలాగా కనిపించాయి. మిగతా నాలుగూ లేవు.

మూడో రాత్రి చివర్లో 120 రెట్లతో ధ్రువ నక్షత్రాన్ని చూశాను. అది కదలదు కాబట్టి పరీక్షకి మంచిది, మనకి ఆకాశంలో 15 డిగ్రీల ఎత్తులోనే ఉండడం ఒక్కటే ఇబ్బంది. ఫోకస్ కొంచెం చెడగొడితే వలయాలు ఒకదాని మధ్యలో ఒకటి ఉండాలి. నాకు అన్నీ ఒక పక్కకి జరిగి ఉన్నాయి. పగలు చూస్తే పెద్ద అద్దం మధ్యలో అంటించిన చిన్న వలయం గుర్తు దాదాపు 6 మి.మీ. పక్కకి ఉంది. కారులో వచ్చిన ప్రయాణంలో జరిగింది, నేను చూసుకోలేదు.

సరిచేసిన విధానం, ఖర్చు లేకుండా:

1. ఫోకసర్‌కి (ఐపీస్ బిగించే గొట్టం) పెట్టే ప్లాస్టిక్ మూతకి సరిగ్గా నడిమధ్యలో 2 మి.మీ. రంధ్రం చేశాను.
2. ట్యూబు అడ్డంగా పడుకోబెట్టాను. నిలువుగా పెడితే చేతిలోని అలెన్ కీ జారి పెద్ద అద్దం మీద పడుతుంది.
3. రంధ్రంలో నుంచి చూస్తూ చిన్న అద్దం (వెలుగుని ఐపీస్ వైపు తిప్పేది) వెనక మూడు స్క్రూలు తిప్పి, అందులో పెద్ద అద్దం అంచులు మూడు క్లిప్పులతో సహా పూర్తిగా కనిపించేలా పెట్టాను.
4. పెద్ద అద్దం వెనక లాక్ స్క్రూలు వదులు చేసి, వలయం గుర్తు మధ్యలోకి మూత రంధ్రం వచ్చేదాకా మిగతా మూడు స్క్రూలు తిప్పాను.
5. మళ్లీ ధ్రువ నక్షత్రం మీద పరీక్ష.

మొదటిసారి గంటన్నర పట్టింది. ఇప్పుడు నాలుగు నిమిషాలు. కారులో వేసుకుని వెళ్లిన ప్రతిసారీ చేస్తాను, ప్రతిసారీ ఎంతో కొంత జరిగే ఉంటుంది.

లెక్క: రాత్రులు 3. కనిపించినవి 30కి 2. ఖర్చు 34,000.

దశ 2: కార్తీక అమావాస్య (మిద్దె, 4 రాత్రులు)

అద్దాలు సర్దుకున్నాయి కదా, ఇక అన్నీ వరసగా దొరుకుతాయనుకున్నాను. రెండు రాత్రులు ఒక్కటీ దొరకలేదు. డైరీలో ఎక్కువ సేపు నిలబడాల్సిన చోటు ఇదే.

నేను చార్ట్ (నక్షత్రాల పటం) కోసం స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. టెలిస్కోప్‌లో బొమ్మ "తిరగబడి" కనిపిస్తుందని ఎవరో చెప్పిన మాట పట్టుకుని అందులో కుడిఎడమలు తారుమారు చేసే మీట నొక్కి పెట్టాను. అది తప్పు. న్యూటోనియన్‌లో, అంటే నాలాంటి అద్దాల టెలిస్కోప్‌లో, వెలుగు రెండు అద్దాల మీద పడి వస్తుంది కాబట్టి అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారవు, బొమ్మ మొత్తం చుట్టూ తిరుగుతుందంతే, కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చదివినట్టు. కుడిఎడమలు మారేది మూలమట్టపు అద్దం పెట్టిన లెన్సు టెలిస్కోపుల్లో. ఈ తేడా తెలియక చార్టులో ఉన్న త్రిభుజం కోసం దాని ప్రతిబింబాన్ని వెతుకుతూ కూర్చున్నాను. ఏ నక్షత్రాల ఆకారమూ కలవలేదు. కాగితం చార్టు ప్రింటు తీసి చేత్తో తలకిందులుగా తిప్పిన నిమిషానికి అన్నీ కలిశాయి.

నేరుగా చూసే ఫైండర్‌తో రెండో ఇబ్బంది మెడ. మనకి నడినెత్తిన ఉన్నదాన్ని చూడాలంటే ట్యూబు కింద నేల మీద పడుకోవాలి. అందుకని లంబకోణంలో చూసే, బొమ్మని నిటారుగానే చూపించే 9x50 ఫైండర్ (9 రెట్లు, 50 మి.మీ. లెన్సు) 6,500 పెట్టి కొన్నాను. అది వచ్చాక తెలిసింది, పక్క నుంచి చూస్తున్నప్పుడు ట్యూబు ఎటు చూస్తోందో అసలు అంచనా ఉండదని. ఇంకో 1,800 పెట్టి ఎర్ర చుక్క ఫైండర్ కూడా బిగించాను. ముందు ఎర్ర చుక్కతో దగ్గరి నక్షత్రం, తర్వాత 9x50తో దారి, చివరికి 25 మి.మీ. ఐపీస్. ఇప్పటికీ ఇదే వరస.

ఐపీస్ వెడల్పు కొలత

ఐపీస్‌లో ఎంత ఆకాశం పడుతుందో తెలియకపోతే చార్టు మీద దూరాలు లెక్కపెట్టలేం. మృగశిర కింద వేటగాడి నడుము పట్టీలో పడమటి చుక్క దాదాపు ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) మీదే ఉంటుంది. దాన్ని ఐపీస్ తూర్పు అంచున పెట్టి, మధ్యలో నుంచి పడమటి అంచు దాటేదాకా ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూశాను. ఆ రేఖ మీద ఆకాశం నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ జరుగుతుంది, డిగ్రీకి 60 ఆర్క్ నిమిషాలు.

25 మి.మీ.: 4 నిమిషాల 20 సెకన్లు, అంటే 65 ఆర్క్ నిమిషాలు.
10 మి.మీ.: 1 నిమిషం 44 సెకన్లు, అంటే 26 ఆర్క్ నిమిషాలు.

తర్వాత ఆ 65 ఆర్క్ నిమిషాలకి సరిపడే వలయాన్ని చార్టు కొలతలోనే ఒక పారదర్శక షీటు మీద గీసి కత్తిరించాను. చార్టు మీద ఆ వలయాన్ని జరుపుతూ పోతే ఐపీస్‌లో ఏం కనిపించాలో ముందే తెలుస్తుంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన సామాను ఇదే, దీనికి ఖర్చు ఐదు రూపాయలు కూడా కాలేదు.

ముట్టుకోకుండా వెతకడం

కొలత చేస్తుండగా ఇంకో దారి తట్టింది. భూమి తిరుగుతుంటే ఆకాశం ఐపీస్‌లో పడమరకి జారిపోతుంది కదా, వెతికే మసక ఏదైనా మంచి నక్షత్రానికి తూర్పున, ఖగోళ మధ్యరేఖకి అదే వైపు దాదాపు అంతే దూరంలో ఉంటే మనం టెలిస్కోప్‌ని తొయ్యనే అక్కర్లేదు. నక్షత్రాన్ని మధ్యలో పెట్టి వదిలేసి ఆగితే మసకే వచ్చి ఐపీస్‌లో పడుతుంది.

ఎం77కి: సీటస్ (తిమింగలం) నక్షత్ర మండలంలో డెల్టా నక్షత్రాన్ని మధ్యలో పెట్టాలి (డెల్టా, ఈటా లాంటివి నక్షత్రాలకి పెట్టిన గ్రీకు అక్షరాలు). 3 నిమిషాల 12 సెకన్లు ఆగాలి. గెలాక్సీ మధ్యకి 20 ఆర్క్ నిమిషాలు దక్షిణంగా వస్తుంది.

ఎం74కి: మీనంలో ఈటా నక్షత్రం. 5 నిమిషాల 12 సెకన్లు ఆగాలి. గెలాక్సీ మధ్యకి 26 ఆర్క్ నిమిషాలు ఉత్తరంగా, 25 మి.మీ. ఐపీస్ అంచుకి దగ్గరగా.

మూడో రాత్రి ఎం77 ఇలాగే దొరికింది: నక్షత్రం కాని నక్షత్రంలాగా, చుట్టూ పొగచూరిన అంచుతో. ఎం74 దగ్గర ఐపీస్‌లో ఉన్న నక్షత్రాలన్నీ చార్టుతో కలిశాయి, గెలాక్సీ మాత్రం లేదు. డైరీలో మొట్టమొదటి "మ" అదే. దానికి చాలా సంతోషించాను. మొదటిసారిగా నాకు లోపం టెలిస్కోప్‌ది కాదు, చేతిది కాదు, ఆకాశానిదని తేలింది.

నాలుగో రాత్రి ఎన్‌జీసీ 253. సీటస్‌లో బీటా నక్షత్రం నుంచి దక్షిణానికి ఏడు డిగ్రీల పైచిలుకు. మా మిద్దెకి ఊరు ఉత్తరాన ఉంది, దక్షిణం కాస్త చీకటి, పైగా ఈ గెలాక్సీ మనకి 50 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. పొడవుగా, బూడిద గీతలాగా, ఐపీస్‌లో మూడో వంతు దాకా పట్టేసి కనిపించింది. ఉత్తర దేశాల వాళ్లకి దిగంతం పొగమంచులో మునిగిపోయే ఇలాంటివి మనకి బాగా పైన ఉంటాయి. జాబితా రాసుకునేటప్పుడు అక్కడి పుస్తకాల్లో "కష్టం" అని ఉన్న దక్షిణపు వస్తువుల్ని కొట్టెయ్యకండి.

లెక్క: రాత్రులు 7. కనిపించినవి 4. ఖర్చు 42,300.

దశ 3: మార్గశిర అమావాస్య (మిద్దె 2, చేను 1)

మా సందులో ఎల్‌ఈడీ వీధి దీపం ఉంది. మిద్దె మీదకి నేరుగా పడదు కానీ ఎదురింటి తెల్ల గోడ మీద పడి తిరిగొస్తుంది. కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి, ఒక్కసారి గోడ వైపు చూస్తే మళ్లీ మొదటికి. నల్ల దుప్పటి తల మీద నుంచి ఐపీస్ దాకా కప్పుకుని చూడడం మొదలుపెట్టాను. మొదటి రాత్రి ఊపిరికి ఐపీస్ మసకబారింది, ఆ తర్వాత ముక్కు దుప్పటి బయట పెట్టుకోవడం అలవాటైంది. దుప్పటితో, దుప్పటి లేకుండా ఎన్‌జీసీ 253నే పదేసి నిమిషాలు చూశాను: లేకుండా మధ్య భాగం మాత్రమే, ఉంటే దాదాపు రెండింతల పొడవు.

ఫోన్ చార్టు ఆపేశాను. రాత్రి మోడ్ పెట్టినా వెలుగు ఎక్కువే. ప్రింటు కాగితాలు, టార్చి అద్దానికి ఎర్ర జెలటిన్ పేపరు నాలుగు పొరలు. రెండు పొరలు చాలలేదు.

ఓరచూపు గురించి కూడా ఇక్కడే రాయాలి. కంటి నడిమధ్యన మసక వెలుగుని పట్టే కణాలు ఉండవు, పక్కన ఉంటాయి. అందుకే మసకని సూటిగా చూస్తే మాయమవుతుంది, పక్కకి చూపు తిప్పితే ప్రత్యక్షమవుతుంది. ఎటు పక్కకి అన్నది నాకు ఎవరూ చెప్పలేదు: కుడి కన్నుతో చూసేవాళ్లు వస్తువుకి కుడి పక్కకి చూడాలి, అప్పుడది ముక్కు వైపు పడుతుంది. ఎడమ పక్కకి చూస్తే కంటిలోని గుడ్డి చుక్క మీద పడే ప్రమాదం ఉంది. నేను నెలన్నర పాటు ఎడమకే చూశాను.

ఎం1, అంటే 1054లో చైనా వాళ్లు రాసిపెట్టిన పేలుడు తాలూకు శిథిలం. వృషభం కొమ్ము చివర జీటా నక్షత్రానికి ఒక డిగ్రీ పక్కన. 25 మి.మీ.లో చోటు సరే, మసక లేదు. "మ" రాయబోయి కొత్తగా కొన్న 15 మి.మీ. (80 రెట్లు) పెట్టి చూశాను, వెంటనే కనిపించింది. రెట్లు పెంచితే ఆకాశపు వెలుగు, నెబ్యులా వెలుగు రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి, కానీ నెబ్యులా పెద్దదవుతుంది, చీకట్లో కన్ను చిన్న మసక కంటే పెద్ద మసకని సులువుగా పట్టుకుంటుంది. మసకవాటికి తక్కువ రెట్లే వాడాలన్న మాట విని నేను 48 దాటి ఎప్పుడూ వెళ్లలేదు. అందుకే ఇప్పుడు "మ" రాసే ముందు మూడు ఐపీసులూ పెట్టి చూడడం నియమం చేసుకున్నాను. ఎం42, ఎం43 ఆ రాత్రే అయిపోయాయి, వాటి గురించి చెప్పడానికేం లేదు, ఎవరికైనా కనిపిస్తాయి.

చేనులో మొదటి రాత్రి

మూడో రాత్రి టెలిస్కోప్ కారు వెనక సీట్లో పెట్టుకుని మామ చేనుకి వెళ్లాను. వేరుశనగ పీకేసి భూమి ఖాళీగా ఉంది. కొండల మీద గాలిమరల ఎర్ర దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి, అవి ఎర్రవి కాబట్టి కళ్లని పెద్దగా చెడగొట్టవు. మామ వచ్చి, "బోరు కాడ లైటు ఆర్పేయమంటావా నాయనా?" అన్నాడు. "ఆర్పేయండి మామా, స్టార్టర్ పెట్టె మీద చిన్న లైటుకి కూడా గుడ్డ కప్పుతా" అన్నాను. తేళ్లు ఉంటాయి, బూట్లు తప్పనిసరి, తెచ్చిన పెట్టెలు నేల మీద తెరిచి పెట్టకూడదు.

పెగాసస్ గడిలో చుక్కలు: తొమ్మిది. మిద్దె మీద అదే వారంలో రెండు.

ఎం74: ఈటా మధ్యలో పెట్టి ఐదు నిమిషాలు ఆగాను. వచ్చింది. చాలా పలచగా, ఊదితే పోయేలా, కానీ వచ్చింది. దాని మొత్తం వెలుగు మాగ్నిట్యూడ్ 9.4 (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ), లెక్క ప్రకారం ఎం77 కంటే కొంచెమే తక్కువ. తేడా ఏమిటంటే ఎం77 వెలుగు మధ్యలో ముద్దగా ఉంటుంది, ఎం74 వెలుగు వెడల్పుగా పరిచినట్టు ఉంటుంది. జాబితాలో మాగ్నిట్యూడ్ ఒక్కటే చూసి "ఇది సులువు" అనుకోవద్దు, సైజు కూడా చూడండి.

ఎం33 దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ. మాగ్నిట్యూడ్ 5.7 అంటే కాగితం మీద చాలా వెలుగు. కానీ పూర్ణచంద్రుడికి రెండింతల పొడవున పరుచుకుని ఉంటుంది. ఎం31 నుంచి మిరాక్ నక్షత్రానికి ఎంత దూరమో, మిరాక్ దాటి అటువైపు దాదాపు అంతే దూరం. మిద్దె మీద మూడుసార్లు "మ". చేనులో కొత్త 32 మి.మీ. ఐపీస్‌తో (37 రెట్లు) చూస్తూ ట్యూబుని వేలితో మెల్లగా తట్టాను. నిలకడగా ఉన్నప్పుడు కనిపించని మసక కదిలినప్పుడు కనిపించింది. కదలికని కన్ను పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకున్నాక తట్టడం ఆపినా నిలుస్తుంది.

ఎం110, ఎం78, ఫ్లేమ్ నెబ్యులా కూడా ఆ రాత్రే. ఫ్లేమ్‌కి పక్కనున్న నడుము పట్టీ నక్షత్రం వెలుగు కళ్లలో పడకుండా దాన్ని ఐపీస్ అంచు బయటికి తోసెయ్యాలి. ఎన్‌జీసీ 891: చోటు సరే, మూడు ఐపీసులు, తట్టడం, దుప్పటి, 40 నిమిషాలు. "మ".

లెక్క: రాత్రులు 10. కనిపించినవి 12. ఖర్చు 47,600 (పెట్రోలు కలపలేదు).

దశ 4: పుష్య, మాఘ అమావాస్యలు (మిద్దె 2, చేను 3)

యూహెచ్‌సీ ఫిల్టర్ కొన్నాను, 5,500. ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువులు వెలిగే రంగుల్ని మాత్రం వదిలి మిగతాది ఆపేసే గాజు. మిద్దె మీద ఆకాశాన్ని చీకటి చేస్తుందని, గెలాక్సీలన్నీ కనిపిస్తాయని ఆశపడ్డాను. గెలాక్సీల వెలుగు నక్షత్రాల వెలుగే, అన్ని రంగులూ ఉంటాయి. ఫిల్టర్ పెడితే వాటికీ ఆకాశానికీ కలిపి తగ్గుతుంది. చూసిన ఫలితాలు:

రోజెట్ నెబ్యులా: ఫిల్టర్ లేకుండా మధ్యలో గుచ్ఛం మాత్రమే, ఫిల్టర్‌తో చుట్టూ వలయం. 32 మి.మీ.లో కూడా మొత్తం పట్టదు, ట్యూబు జరుపుతూ చూడాలి.
ఎం97: ఫిల్టర్‌తో గుండ్రంగా, తేటగా. లేకుండా ఉందా లేదా అన్నట్టు.
ఎం1: తేడా స్వల్పం.
ఎం78: ఫిల్టర్‌తో మాయం. అది నక్షత్రాల వెలుగుని ప్రతిఫలించే ధూళి మాత్రమే.
ఎం33: గెలాక్సీ మాయం, కానీ దాని చేతిలో ఉన్న ఎన్‌జీసీ 604 నెబ్యులా చిన్న ముడిలాగా మిగిలింది. వేరే గెలాక్సీలో ఉన్న నెబ్యులాని మా చేనులో నుంచి చూశానన్న విషయం ఆ వారమంతా మనసులోనే ఉంది.

డబ్బులు పరిమితంగా ఉంటే ఫిల్టర్ కంటే ముందు చీకటి చోటికి పెట్రోలు పొయ్యండి. నేను వరస తప్పాను.

మంచు

పుష్యంలో రెండో చేను రాత్రి 11:40కి ఫైండర్ అద్దం మీద మంచు, 12:15కి టెలిస్కోప్ చిన్న అద్దం మీద కూడా. కంగారులో ఫైండర్ అద్దాన్ని పంచె కొంగుతో తుడిచాను, జిడ్డు చార పడింది, ఇంకా పోలేదు. ఆ రాత్రి అక్కడితో సరి. తుడవకూడదు, ఆరనివ్వాలి, లేదా కారు హీటర్ గాలి దగ్గర పెట్టాలి.

1. నల్ల ఫోమ్ షీటు 300 రూపాయలకి కొని, 80 సెం.మీ. చుట్టుకొలతకి, 35 సెం.మీ. పొడవుకి కత్తిరించాను. పొడవు ట్యూబు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు.
2. ట్యూబు మూతి దగ్గర చుట్టి వెల్క్రోతో బిగించాను.
3. ముందు బరువెక్కి ట్యూబు కిందికి వాలిపోయింది. పాత స్పీకరులో అయస్కాంతం తీసి ట్యూబు వెనక అంటించాను. ఇనుప ట్యూబు కాబట్టి ఎక్కడికంటే అక్కడికి జరుపుకోవచ్చు.
4. ఫైండర్‌కి అదే షీటులో మిగిలిన ముక్క.

ఆ తర్వాత రాత్రి రెండున్నర దాకా అద్దాలు పొడిగా ఉన్నాయి.

ఎం81, ఎం82 మనకి ఎంత పైకొచ్చినా 36 డిగ్రీలే, అదీ ఉత్తరాన. మిద్దె మీద నుంచి అటువైపే ఊరి వెలుగంతా, ప్రయత్నించడం కూడా దండగ. చేనులో రెండూ ఒకే ఐపీస్‌లో, ఒకటి గుండ్రం, ఒకటి కడ్డీలాగా. అక్కడి నుంచి సప్తర్షుల్లో మెరాక్ పక్కన ఎం108, ఎం97. ఎస్కిమో నెబ్యులా మాత్రం మిద్దె మీదే దొరికింది: 48 రెట్లలో మామూలు నక్షత్రమే అనుకుని రెండుసార్లు దాటిపోయాను, 120లో చుట్టూ పొగ కనిపించింది.

లెక్క: రాత్రులు 15. కనిపించినవి 18. ఖర్చు 53,400.

దశ 5: ఫాల్గుణ, చైత్ర అమావాస్యలు (మిద్దె 2, చేను 4)

ఇక అసలు గెలాక్సీల కాలం. ఇబ్బంది ఏమిటంటే సింహం, కన్యలో ఉన్న గెలాక్సీలు మన దగ్గర నడినెత్తికి వస్తాయి. సింహంలో మూడు గెలాక్సీల గుంపు 88 డిగ్రీల ఎత్తుకి చేరుతుంది. చాలా వస్తువులకి అదే మంచి సమయం, డాబ్సోనియన్‌కి మాత్రం కాదు: ట్యూబు నిలువుగా ఉన్నప్పుడు పక్కకి తోస్తే అది తన చుట్టూ తాను తిరుగుతుందే తప్ప ఆకాశంలో జరగదు. ఫాల్గుణంలో మొదటి రాత్రి గంటసేపు దానితో కుస్తీ పట్టి, పీఠం పట్టుకుని తిప్పితే ట్యూబు ఎగిరి ఫైండర్ గురి తప్పింది. మర్నాడు లెక్క వేసుకున్నాను. నడినెత్తి దాటాక గంటన్నర ఆగితే ఎత్తు 68 డిగ్రీలు, రెండు గంటలకి 61. ఇక అన్నీ రెండు గంటలు ముందో తర్వాతో పెట్టుకున్నాను. మడత స్టూలు ఒకటి, 900. నిలబడి ఒంగి చూస్తే ఒళ్లు వణుకుతుంది, మసక పోతుంది.

పుబ్బ నక్షత్రం రెండు చుక్కల్లో దక్షిణపుదాని నుంచి కిందికి రెండున్నర డిగ్రీలు. ఎం65, ఎం66 వెంటనే. మా అమ్మాయి ఆ రాత్రి వెంట వచ్చింది, స్టూలెక్కి చూసి, "నాన్నా, రెండు కాదు, మూడున్నాయి, పైన పొడుగ్గా ఒకటుంది" అంది. అది ఎన్‌జీసీ 3628, నాకు ఇంకో పది నిమిషాలకి కానీ కనిపించలేదు. మూడూ 25 మి.మీ. వలయంలో సరిపోతాయి.

కన్యలో గెలాక్సీల గొలుసుకి దారి వెతకక్కర్లేదు. ఉత్తర ఫల్గుణి నక్షత్రానికీ, కన్యలో ఎప్సిలాన్‌కీ సరిగ్గా నడిమధ్యన ఎర్ర చుక్క పెడితే ఎం84, ఎం86 ఉంటాయి. చిక్కు తర్వాత మొదలవుతుంది. అక్కడ పోల్చుకోవడానికి నక్షత్రాలు తక్కువ, మసకలు ఎక్కువ, ఏది ఏదో తెలియదు. మొదటి రాత్రి ఐదు మసకలు చూసి ఒక్కదానికీ పేరు పెట్టలేకపోయాను, ఐదూ "దొ" అనే రాశాను. రెండో రాత్రి ఎం84 నుంచి మొదలుపెట్టి ఐపీస్‌లో సగం వెడల్పు చొప్పున తూర్పుకి జరుగుతూ ప్రతి చోటా కాగితం మీద వలయం గీసి చుక్కలు పెట్టుకున్నాను. పగలు చార్టుతో పోల్చితే ఎం84, ఎం86, "కళ్లు" అని పిలిచే ఎన్‌జీసీ 4435, 4438 జంట (జాబితాలో రెండూ కలిపి ఒకటే), ఇంకొంచెం దూరంలో ఎం87. 2019లో ఫొటో విడుదలైన కృష్ణబిలం ఈ ఎం87 నడుమనే ఉంది. ఐపీస్‌లో అది గుండ్రటి బూడిద ముద్ద, అయినా ఆ వలయం గీస్తున్నప్పుడు చెయ్యి తొందరపడలేదు.

ఎం104 మిద్దె మీద నుంచి. ఏప్రిల్‌లో మిద్దె అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, నక్షత్రాలు ఉడుకుతున్నట్టు కదిలాయి, కానీ మసకకి దానితో పెద్ద నష్టం లేదు.

సెంటారస్ ఎ: చిత్ర నక్షత్రం దక్షిణ దిక్కున నిలువుగా ఉన్నప్పుడు దాని కింద తిన్నగా మూడు పిడికిళ్ల పైన కొంచెం, 32 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు. ముందు ఇంకో నాలుగున్నర డిగ్రీలు కిందికి వెళ్లి ఒమేగా సెంటారీ గుచ్ఛాన్ని పట్టుకుని, అక్కడి నుంచి పైకి రావడం సులువు. చేనులో గెలాక్సీ మధ్య నల్ల పట్టీ స్పష్టంగా కనిపించింది. జాబితా మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే, మనకి 32 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, వదలకండి.

ఎం51కి సప్తర్షుల్లో చివరి చుక్క మరీచి నుంచి మూడున్నర డిగ్రీలు. రెండు ముద్దలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. 1845లో లార్డ్ రాస్ ఐర్లండ్‌లో 72 అంగుళాల అద్దంతో ఇందులో సుడి ఆకారం చూశాడు. నాకు పెద్ద ముద్ద చుట్టూ ఒక చెదిరిన వలయం ఓరచూపుకి వచ్చి పోతూ ఉంది. దాన్ని సుడి అని రాయలేదు, చూసిందే రాశాను.

ఎం101కి దారి అందంగా ఉంటుంది: పెళ్లిలో చూపించే అరుంధతీ వశిష్ఠుల దగ్గర మొదలుపెట్టి, తూర్పుకి వరసగా ఉన్న చిన్న చుక్కల్ని ఫైండర్‌లో పట్టుకుంటూ పోవాలి. మూడు రాత్రులు ప్రయత్నించాను. మూడూ "మ". ముఖాన్ని చూపించే పెద్ద గెలాక్సీ, ఎం33 లాగే పలచన. మూడో రాత్రి గాలిలో దుమ్ము ఎక్కువ, ఉత్తరాన ఆకాశం తెల్లగా ఉంది.

లెక్క: రాత్రులు 21. కనిపించినవి 28. ఖర్చు 54,300.

చోటు ప్రకారం విడదీస్తే మిద్దె మీద 13 రాత్రుల్లో 9, చేనులో 8 రాత్రుల్లో 19.

వైశాఖం నుంచి మబ్బులు మొదలయ్యాయి. టెలిస్కోప్‌కి రెండు మూతలూ పెట్టి, ట్యూబు లోపల సిలికా జెల్ సంచులు వేలాడదీసి, లోపలి గదిలో మూతి కిందికి ఉండేలా పెట్టాను. పెద్ద అద్దం మీద సన్నటి దుమ్ము ఉంది, కడగడం లేదు, ఆ మాత్రం దుమ్ముతో నష్టం లేదు. ఎన్‌జీసీ 891కి ఆశ్వయుజ బహుళ దశమి రాత్రి నుంచి చేనులో, ఈసారి దీపావళికి ముందే. ఎం101కి వచ్చే మాఘంలో, దుమ్ము లేవకముందు, తెల్లవారుజామున.